వెల్లుల్లి చెయ్యి

మాన్‌సక్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడంటే ఆ ఇంట్లో ఇంకొకళ్ళకి స్నానాలగది దొరకదు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, గోళ్ళ సందుల్లో బ్రష్షు పెట్టి తోమి, కడిగి, మళ్ళీ తోమి, ఆపరేషన్‌కి వెళ్ళే డాక్టరులా రెండు చేతులూ గాల్లో పట్టుకుని, భుజంతో తలుపు తోసుకుంటూ బయటికొస్తాడు. మొక్‌పో ఊళ్ళో టౌను బస్సు నడిపి రిటైరైన మనిషి. డ్యూటీలో ఉన్న రోజుల్లో అన్నానికి కూర్చునేటప్పుడు కూడా ఇంత శ్రద్ధగా చేతులు కడిగిన పాపాన పోలేదు. ఈ శుభ్రమంతా చిన్నగదిలో, ప్లాస్టిక్ పెట్టెలో కాపురముంటున్న సోంగి కోసం.

సోంగి ముళ్ళపంది. అడవిలో బారెడు ముళ్ళేసుకుని తిరిగేది కాదులెండి, దోసిట్లో సరిపోయే బుల్లి రకం. ఇళ్ళల్లో పెంచుకుంటారు, జత కట్టిస్తారు, పిల్లలు కాస్త పెద్దవయ్యాక కావలసినవాళ్ళకి ఇస్తారు. సోంగి నాలుగు రోజుల క్రితం ఈనింది. అప్పట్నుంచీ చిన్నగది తలుపు మీద మాన్‌సక్ స్వయంగా రాసి అంటించిన కాగితం వేలాడుతోంది: "బాలింత ఉంది. లోపలికి రాకూడదు." ఆ ఇంట్లో ఉండేదే ఇద్దరు. ఆ రాకూడనిది ఎవరో వేరే చెప్పాలా!

"హ్యోజూ అమ్మా, కొత్త సబ్బు విప్పాను. ఈసారి గులాబీ" అన్నాడు మాన్‌సక్, చేతులు గాల్లో పెట్టుకునే. పెళ్ళై వెళ్ళిపోయిన కూతురి పేరు పెట్టే ఒకర్నొకరు పిలుచుకోవడం వాళ్ళకి అలవాటు.

"విప్పండి, విప్పండి. బీరువాలో పండగ పెట్టెలు తరిగితే నాక్కాస్త దుప్పట్లు పెట్టుకునే చోటన్నా దొరుకుతుంది" అంది వోల్‌సన్ వంటింట్లోంచి.

పండగొచ్చిందంటే చాలు, వాళ్ళ దేశంలో ఎవరింటికెళ్ళినా చేతిలో పెట్టె ఉండాల్సిందే. నూనె పెట్టో, సబ్బుల పెట్టో. ముఖం తెలిసినవాళ్ళందరూ వీళ్ళకి సబ్బులే తెచ్చారు. ఒక్కో పెట్టెలో రంగురంగుల కాగితాల్లో చుట్టిన సబ్బులు, దేని వాసన దానిదే. ఇన్నాళ్ళూ బీరువాలో పడున్నవాటికి సోంగి వల్ల మోక్షం వచ్చింది.

వోల్‌సన్ మూకుడులాంటి చిన్న గిన్నెలో పిండిపురుగులు వేస్తోంది. బతికున్న పురుగులు, రెండు వేళ్ళతో పట్టి లెక్కగా వదులుతోంది. మాన్‌సక్ ముఖం పక్కకి తిప్పుకుని, చెయ్యి మాత్రం చాచాడు.

"వేశావా?"

"వేశాను."

"కదులుతున్నాయా?"

"కదలక పద్యాలు చదువుతాయా? పట్టుకోండి."

అతను గిన్నె అందుకుని, కళ్ళు పైకప్పుకి అతికించి, గిన్నె వైపు చూడకుండా చిన్నగదిలోకి నడిచాడు. ఫోన్లో ముళ్ళపందులు పెంచేవాళ్ళ గ్రూపులో ఇతనికి "ముళ్ళ బాబాయి" అని పేరు. రోజుకో ఫొటో పెడతాడు, దేశం నలుమూలల్నుంచీ జనం సలహాలడుగుతారు. పురుగుని చూస్తే బాబాయికి కడుపులో తిప్పుతుందని మటుకు ఎవరికీ తెలీదు. సోంగి కడుపుతో ఉన్నన్నాళ్ళూ పెట్టె కడిగింది, చెక్కపొట్టు మార్చింది, అది పరిగెత్తే చక్రానికి అంటుకున్న మలం గీకింది వోల్‌సనే. బజార్లో కూరల కొట్టులో పొద్దున్నంతా వెల్లుల్లి ఒలిచి వచ్చి, ఆ చేతులతోనే చేసేది. ఈనినప్పట్నుంచీ మాత్రం ఆ తలుపు ఆవిడకి మూసుకుంది.

ఆవిడ తలుపు దాకా వెళ్ళి చెవి ఆనించింది. లోపల ఏవో పిచ్చుకల్లా సన్నగా కూస్తున్నాయి. ఐదో, ఆరో. ప్రాణం లేచొచ్చినట్టయింది. మాన్‌సక్ గొంతు వినపడింది: "అబ్బబ్బ, చూడవే నా బంగారుతల్లి! నా చెయ్యి వాసన తగలగానే నురగ తెచ్చుకుని ఒళ్ళంతా పూసుకుంటోంది! అత్తరు పూసుకున్నట్టు!"

బయటికొచ్చాక అదే మాట మళ్ళీ చెప్పాడు. "నీ దగ్గరెప్పుడైనా అలా పూసుకుందా?"

"లేదు" అంది వోల్‌సన్.

"మరి? ప్రేమంటే అదీ."

వోల్‌సన్ పురుగుల డబ్బా మూత బిగించింది. నిజమే. తన చెయ్యి చూస్తే సోంగి నురగా తేదు, ఏమీ చెయ్యదు. ఓసారి ముక్కు ఆనించి, అరచేతిలోకెక్కి, ముడుచుకుని నిద్రపోతుంది, అంతే. దానికి నా మీద ప్రత్యేకంగా ఏమీ లేదు కాబోలు అనుకుని ఊరుకునేది.

వసంతంలో మొదటి కాన్పుకి ఆవిడ చేసిందల్లా నీళ్ళ గిన్నె మార్చడమే. మర్నాడు పొద్దున చూస్తే గూట్లో పిల్లలు లేవు. తల్లే తినేసింది. కొత్త వాసన తగిలితే తల్లి బెదిరి అలా చేస్తుందని గ్రూపులో ఎవరో రాశారు. మాన్‌సక్ ఖాళీ గూడు పట్టుకుని నిలబడి, "నువ్వేనా చెయ్యి పెట్టింది? ఆ వెల్లుల్లి చెయ్యే?" అన్నాడు. అరవలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అరిచినా బాగుండేది. పశువుల డాక్టరు కూడా చెప్పేశాడు, ఈ రెండో కాన్పూ ఇలాగే పోతే ఇంక దాన్ని ఈనించొద్దని. ఆ రోజు నుంచీ వోల్‌సన్ బస్సులో చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఇంటికి రాగానే కాఫీ పిప్పితో చర్మం ఎర్రబడేదాకా రుద్దుకుంటుంది. వాసన పోదు. ఇన్నేళ్ళ వాసన, ఎక్కడికి పోతుంది?

మధ్యాహ్నానికల్లా మాన్‌సక్ అక్క మల్‌న్యో దిగింది, హేనామ్ పొలం నుంచి ట్రక్కు నిండా పొడుగు క్యాబేజీలతో. రేపు కిమ్చి పెట్టే రోజు. మనకి ఆవకాయ ఎట్లాగో వాళ్ళకి అదట్లాగ. చలికాలానికీ, ఆ పైన వేసవి దాకానూ సరిపడా పెట్టుకోవాలి.

"ఒరే తమ్ముడూ! దింపుకో!" అని కింద నుంచి మల్‌న్యో వేసిన కేకకి మూడో అంతస్తు కిటికీ అద్దాలు గలగలలాడాయి.

"ష్ష్! అక్కా! బాలింత!"

"ఎవరికిరా కాన్పయింది? నాకు చెప్పలేదేం?"

"సోంగికి."

"ఓరి, ఆ ముళ్ళదా! నేనింకా మన హ్యోజూకేమో అనుకుని చచ్చాను."

మెట్లెక్కి వచ్చి, వోల్‌సన్‌ని చూసి నవ్వింది. "ఏం మరదలా, ఈసారి వెల్లుల్లి చేతులవాళ్ళని దగ్గరికి రానివ్వట్లేదుటగా? మంచిపనే. ఈసారైనా నాలుగు బతుకుతాయి!" మల్‌న్యోకి మనసులో కల్మషం లేదు. ఊరందరి దగ్గరా ఇదే జోకు వేస్తుంది, వేసిన ప్రతిసారీ తనే ముందు నవ్వుతుంది. వోల్‌సన్ కూడా నవ్వింది. నవ్వి, చేతులు ఏప్రన్ జేబులో దూర్చుకుంది.

క్యాబేజీలు నిలువునా చీల్చి, స్నానాలగది తొట్టిలో ఉప్పు నీళ్ళు పోసి నానబెట్టారు. ఆకు ఆకు మధ్యా గళ్ళుప్పు జల్లి, పైన మరో వరస పేర్చి, దాని మీద నీళ్ళ బక్కెట్టు బరువు పెట్టింది మల్‌న్యో. మాన్‌సక్ సబ్బు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

"మరి నేను చేతులెక్కడ కడుక్కోను?"

"సముద్రం ఎదురుగానే ఉంది, వెళ్ళిరా" అంది అక్క. "ఏరా, ఏనాడూ లేంది ఇప్పుడీ శుభ్రం ఏమిట్రా నీకు? ఆ నీ ముళ్ళ మహారాణిని చూద్దాం పద."

"అక్కా, వద్దు, ఎవర్నీ..."

మాట పూర్తికాలేదు. అక్క అప్పటికే కాగితం అంటించిన తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. చిన్నప్పుడు వీపున మోసి పెంచిన అక్కని ఆపడం మాన్‌సక్ తరమా? పెళ్ళాన్నైతే ఆపగలడు గానీ. వోల్‌సన్ గడప ఇవతలే నిలబడి, మెడ సాచి చూసింది.

సోంగి గూట్లోంచి బయటికొచ్చి పురుగులు నములుతోంది. మల్‌న్యో వంగి పెట్టె అంచు మీద చెయ్యి వేసింది. మణికట్టుకి నొప్పుల పట్టీ అంటించి ఉంది, ఘాటు కర్పూరం వాసన. సోంగి ముక్కు పైకెత్తింది. ఆ గాలిని రెండుసార్లు పీల్చింది. అంతే, నోట్లో తెల్లగా నురగ తెచ్చుకుని, మెడ గిరుక్కున తిప్పి, నాలికతో వీపు ముళ్ళకి పూసుకోవడం మొదలుపెట్టింది.

"ఓలమ్మో! పిచ్చెక్కిందిరా దీనికి!"

"పిచ్చి కాదక్కా, అది... ఇష్టమైతే అలా చేస్తుంది" అన్నాడు మాన్‌సక్, గొంతు కాస్త తగ్గించి.

"అలాగా!" మల్‌న్యో మొహం వెలిగిపోయింది. "చూశావా మరదలా! ఇవాళే చూసింది, అప్పుడే నేనంటే ప్రాణం దీనికి!"

మాన్‌సక్ మొహం మాడింది. "అది వేరులే" అని గొణిగి అక్కని బయటికి లాక్కొచ్చాడు. ఏం వేరో చెప్పలేదు. ఆ సాయంత్రం పళ్ళెం దగ్గర కూడా ఏదో ఆలోచిస్తూ సూపు చల్లార్చుకున్నాడు.

మర్నాడు తెల్లారాక పని మొదలైంది. హాల్లో బల్లలన్నీ గోడకి జరిపి నేలంతా ప్లాస్టిక్ పట్టా పరిచారు. వోల్‌సన్ అంతకుముందే బుట్టెడు వెల్లుల్లి ఉత్త చేతులతో ఒలిచి, రోట్లో దంచి పెట్టింది. చేతొడుగులేసుకుంటే పొట్టు పట్టు దొరకదని ఆవిడ పట్టుదల. పెద్ద తొట్టిలో కారం పోసి, జిగురుబియ్యం జావ, దంచిన వెల్లుల్లి, అల్లం, ఉప్పు రొయ్యలు, నెత్తళ్ళ ఊట, ముల్లంగి తురుము వేసి, మోచేతుల దాకా ఎర్ర రబ్బరు తొడుగులు ఎక్కించి కలిపింది. ఇల్లంతా ఘాటెక్కిపోయింది. వంటింట్లో పంది మాంసం ఉడుకుతోంది. కొత్త కిమ్చిలో చుట్టుకుని తినడానికి అది లేకపోతే ఆ రోజు పండగే కాదు.

మాన్‌సక్ చేత ఉప్పూరిన క్యాబేజీలు మోయిస్తోంది అక్క. అతను మోచేతులతో పట్టి, పొట్టకి ఆనించి, అరచేతులు తగలకుండా అష్టావక్రుడిలా నడుస్తూ తెస్తున్నాడు.

"చేతులు తాకట్టు పెట్టావేంట్రా?"

"వాసన అంటుతుందక్కా. మళ్ళీ లోపలికెళ్ళాలి నేను. ఇవాళ దేవదారు సబ్బుతో కడిగాను."

"నిన్న గులాబీ, ఇవాళ దేవదారు. రేపేంటి, మల్లెపూలా? పెళ్ళికొడుకువా ఏం?"

వోల్‌సన్ ఫక్కున నవ్వింది. ఆకు ఆకు ఎత్తి, మధ్యలో కారం ముద్ద పాముతూ, చివరి పెద్ద ఆకుతో మొత్తం చుట్టి డబ్బాలో పెడుతూ నవ్వుతూనే ఉంది. పొద్దున్నుంచీ ఆవిడ మనసు తేలిగ్గానే ఉంది. ఐదు రోజులు గడిచాయి. సన్నటి కూతలు ఇంకా వినపడుతున్నాయి. ఇంకొద్ది రోజులు ఎవరూ గూడు కెలక్కపోతే గండం గడిచినట్టే.

అలా అనుకుందో లేదో, చిన్నగదిలోంచి మాన్‌సక్ గొంతు, అరుపూ గుసగుసా కాకుండా: "పిల్ల! పిల్ల బయట పడిపోయింది!"

ఇద్దరూ లేచి పరిగెత్తారు. మల్‌న్యో లోపలికి, వోల్‌సన్ గడప దాకా.

గూటికి ఆ చివర, చక్రం పక్కన, బొటనవేలంత పిల్ల వెల్లకిలా పడుంది. పాలు తాగుతూ తల్లి రొమ్ముని వదలక వేలాడుతూ బయటి దాకా వచ్చి జారిపోయి ఉంటుంది. లేత గులాబీ ఒళ్ళు, తెల్లటి మెత్తని ముళ్ళు. నోరు తెరుస్తోంది, కూత సరిగ్గా రావట్లేదు. మాన్‌సక్ కడిగిన చెంచా ఒకటి పట్టుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. సోంగి బుస్సుమంటూ గూట్లోంచి దూకింది. ఒళ్ళంతా ముళ్ళు లేపి, నోటి చివర్ల నురగతో, చెంచా మీదికి ఎగిరెగిరి పడింది. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. సోంగి గూట్లో దూరింది. తిరిగి వచ్చేసరికి నోట్లో ఇంకో పిల్ల ఉంది. ఎక్కడ పెట్టాలో తెలీనట్టు అటొకసారి, ఇటొకసారి తిరిగింది. దాని దవడలు బిగుస్తున్నాయి.

"ఇలాగే... వసంతంలోనూ ఇలాగే మొదలై ఉంటుంది" అన్నాడు మాన్‌సక్.

"నేను తీస్తాను, జరుగు" అంది మల్‌న్యో.

"వద్దక్కా! నీ పట్టీ!"

"మరి ఎవరు తీస్తార్రా? అది చల్లబడిపోతోంది!"

మాన్‌సక్ తల తిప్పి గడప వైపు చూశాడు. చూసి, "నువ్వు రాకు. వెల్లుల్లి..." అన్నాడు.

వోల్‌సన్ గడప దగ్గరే ఆగిపోయింది. నేను వెళ్ళను, నన్ను పిలవకండి అనుకుంది. ముందుసారివి పోయినప్పుడే ఆరు నెలలు అన్నం సయించలేదు, ఈసారి కూడా నా చేతివల్లే పోతే నేను బతికుండీ దండగ. కాళ్ళు మాత్రం కదిలాయి. ఎర్ర తొడుగులు లాగి గడప బయట పారేసింది. కడుక్కోవడానికి టైమెక్కడుంది? ఏప్రన్‌కి తుడుచుకుంది. వెల్లుల్లి పాలు ఆరి వేళ్ళు తెల్లగా, బిరుసుగా ఉన్నాయి. దగ్గరికొస్తుంటేనే తన ముక్కుకే కొట్టింది ఆ వాసన.

మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి పెట్టె అంచు మీద ఆనించి, కదపకుండా ఉంచింది.

సోంగి ఆగింది. నోట్లో పిల్లతోనే ముక్కు ఎత్తింది. పొడుగాటి తడి ముక్కు, అటూ ఇటూ ఊపుతూ గాలి పీల్చింది. నుదుటి మీద ముళ్ళు ముందు వాలాయి, తర్వాత మెడ మీదివి, తర్వాత వీపువి. పిల్లని గూటి గుమ్మంలో మెల్లగా దించింది. నడిచి వచ్చి, వోల్‌సన్ చూపుడువేలికి ముక్కు ఆనించి, ఒక్కసారి నాకింది. నురగ లేదు, బుస లేదు. ఇంట్లో మనిషే కదా అన్నట్టు వెనక్కి తిరిగి గూట్లోకి పోయి పడుకుంది.



వోల్‌సన్ బయట పడ్డ పిల్లని వేళ్ళతో ఎత్తింది. మంచుముక్కలా ఉంది. రెండు అరచేతుల మధ్యా మూసి, సందులోంచి వేడి ఊపిరి ఊదింది. మళ్ళీ ఊదింది. "లేమ్మా, లే, కన్నా" అంటూ అలాగే కూర్చుంది. కన్నీళ్ళు చెంపల మీంచి కారి ఏప్రన్ మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. కాసేపటికి అరచేతిలో ఏదో గింజుకుంది. సన్నగా, కోపంగా ఓ కూత. అప్పుడు మెల్లగా గూటి గుమ్మంలో పెట్టింది. లోపల్నుంచి ముక్కొకటి వచ్చి, పిల్లని కిందనుంచి తోసి, లోపలికి లాక్కుంది.

"తినేస్తుందా?" అంది మల్‌న్యో. ఆవిడ జీవితంలో అంత మెల్లగా మాట్లాడడం ఎవరూ విని ఎరగరు.

"చూద్దాం వదినా" అంది వోల్‌సన్.

ఆ మధ్యాహ్నం మొక్‌పో ఊళ్ళో అంత నిశ్శబ్దంగా కిమ్చి పెట్టుకున్న ఇల్లు ఇంకోటి ఉండదు. డబ్బా మూత పెట్టాలన్నా మల్‌న్యో ఊపిరి బిగబట్టి పెట్టింది. "ఉప్పు" అనడానికి బదులు వేలు చూపించింది. తుమ్ము వస్తే మెట్ల మీదికి పరిగెత్తి తుమ్మి వచ్చింది. వోల్‌సన్ ప్రతి క్యాబేజీకీ ఓసారి లేచి తలుపు దగ్గరికెళ్ళి చెవి పెట్టింది. వెళ్ళినప్పుడల్లా ఇద్దరూ పని ఆపి ఆవిడ మొహంలోకి చూసేవాళ్ళు. చివరికోసారి వెనక్కి తిరిగి వచ్చి, కూర్చుని, "చప్పరిస్తున్నాయి" అంది. "అన్నీ."

మాన్‌సక్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"అక్కా, నిన్న నీ పట్టీ వాసనకి నురగ పూసుకుంది కదా."

"అవును. ప్రేమ."

"ప్రేమ కాదక్కా. దానికి కొత్త వాసన తగిలితే అలా చేస్తుంది. నిన్ను ముందెప్పుడూ చూడలేదుగా." తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "నన్నూ రోజూ ఎవరో కొత్తవాడనే అనుకుంది. గులాబీ వాడొకడు, దేవదారు వాడొకడు. వసంతంలోనైతే ఫొటోల కోసం గూటి మూత ఎన్నిసార్లు తీశానో నాకే తెలీదు. పండగ పెట్టె అప్పుడే విప్పాను. నిమ్మ, నేరేడు..."

మల్‌న్యో చేతిలో మాంసం ముక్క అలాగే ఉండిపోయింది.

"ఈవిడ రోజూ ఒకటే వాసనతో వస్తుంది. వేసవైనా, చలైనా. దానికి తెలిసిన ఇల్లు ఆ వాసనే" అన్నాడు మాన్‌సక్. పెళ్ళాం వైపు చూడలేక పట్టా మీది కారం మరక వైపు చూస్తూ చెప్పాడు. "వసంతంలో చెయ్యి నాది. నీది కాదు. అక్కా, నువ్వు కూడా ఆ వెల్లుల్లి మాట ఇంకెప్పుడూ అనకు."

వోల్‌సన్ తల ఎత్తలేదు. డబ్బా అంచు మీద పడిన కారం వేలితో తుడుస్తోంది, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

మల్‌న్యో గొంతు సవరించుకుంది. క్షమించమని అడగడం ఆ ఇంటి ఆడపడుచుకి పుట్టి బుద్ధెరిగి అలవాటు లేదు. ఓ లేత క్యాబేజీ ఆకు చీల్చింది. అందులో మాంసం ముక్క, దాని మీద ఉప్పు రొయ్య, దాని మీద కారం పెట్టి, బూరె అంత చుట్ట చుట్టి, మరదలి నోటి దగ్గర పెట్టింది.

"ఆ అను."

"నేను తింటాను వదినా, చేతికివ్వండి."

"ఆ అనమంటున్నానా? నా చెయ్యి నొప్పెడుతోంది, తొందరగా అను!"

వోల్‌సన్ నోరు తెరిచింది. నోటినిండా కూరేసింది మల్‌న్యో. నమలలేక, నవ్వలేక, ఏడవలేక ఆవిడ ఉక్కిరిబిక్కిరైపోతుంటే, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది ఆడపడుచు. వోల్‌సన్ తలూపింది. ఇన్నేళ్ళ కాపురంలో అంత కమ్మటి ముద్ద తిని ఎరగదు.

మర్నాడు కూరల కొట్టులో వోల్‌సన్ పీట వేసుకుని వెల్లుల్లి బుట్ట ముందు కూర్చుంది. ఎదురుగా ఎవరో ఇంకో పీట లాక్కుని కూర్చున్నారు. తలెత్తి చూస్తే మాన్‌సక్.

"ఇదేంటి హ్యోజూ నాన్నా?"

"ఓ కత్తి ఇటు పడెయ్యి."

"ఇంట్లోంచి తరిమేశారా ఏంటి బాబూ?" అంది కొట్టు యజమానురాలు, మిగతా ఆడవాళ్ళు కిసుక్కుమంటుండగా.

"తరిమెయ్యకుండానే జాగ్రత్త పడుతున్నానమ్మా. మా ఇంట్లో ఓ ముక్కుంది. అది పాస్ చేస్తేగానీ లోపలికి రానివ్వదు."

పాయ విరవడం కూడా చేతకాలేదు అతనికి. పొట్టుతో పాటు సగం రెబ్బ పోగొట్టాడు. గోళ్ళ కింద మంటపుట్టి వేళ్ళు ఊదుకున్నాడు. "నీళ్ళల్లో నానబెట్టినవి ముందు తీసుకోండి. తొడిమ వైపు కోసి కిందకి లాగండి. అబ్బ, అలా కాదు, చంపుతున్నారు దాన్ని" అని వోల్‌సన్ చెయ్యి పట్టుకుని చూపించింది. మధ్యాహ్నానికి అతని గిన్నె అడుగు కూడా నిండలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా నిండాయి.

ఇంటికెళ్ళే బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ముందు సీట్లో స్కూలుపిల్ల ఒకతె ముక్కు చిట్లించి వెనక్కి తిరిగి చూసింది. వోల్‌సన్ చేతులు అలవాటుగా కోటు జేబుల వైపు వెళ్ళాయి. మాన్‌సక్ ఆపరేషన్ డాక్టరులా తన చేతులు రెండూ పైకెత్తాడు.

"నావే తల్లీ" అన్నాడు ఆ పిల్లతో, మహా గర్వంగా. "కొత్తగా నేర్చుకుంటున్నాను. గురువుగారు ఈవిడే."

వోల్‌సన్ చేతులు జేబుల్లోకి పోలేదు. ఒళ్ళో పెట్టుకుంది, అరచేతులు పైకి, ఇంటిదాకా అలాగే.

చిన్నగది తలుపు మీది కాగితం కనిపించలేదు. గుమ్మం పక్కన సబ్బుల పెట్టెలన్నీ తాడేసి కట్టి ఉన్నాయి, అక్క ఊరికి పంపడానికి. మాన్‌సక్ పక్కకి తప్పుకుని, ముందు వోల్‌సన్‌ని లోపలికి పోనిచ్చాడు. ఆవిడ పురుగుల గిన్నె పెట్టింది. సోంగి వచ్చి, ఆవిడ వేలి మీద ముక్కు ఆనించి, తిండిలో పడింది.

"ఇప్పుడు మీరు. అంచు మీద పెట్టండి, లోపలికి వద్దు. కదపొద్దు."

మాన్‌సక్ ఊపిరి బిగబట్టి చెయ్యి ఆనించాడు. సోంగి నమలడం ఆపింది. ముక్కు ఎత్తింది. చాలాసేపు చూసింది. నుదుటి ముళ్ళు సగం లేచాయి, సగం వాలాయి. మూతి చివర చిన్న నురగ బుడగ ఒక్కటి వచ్చింది. దాన్నేం చెయ్యాలో తేల్చుకోలేనట్టు నాలికతో మింగేసి, మళ్ళీ పురుగుల మీద పడింది.

"పాసా? ఫెయిలా?" అన్నాడు మాన్‌సక్ గుసగుసగా.

"సగం మార్కులు" అంది వోల్‌సన్.

అతను చేతులు వెనక్కి తీసుకుని, ఓసారి వాసన చూసుకుని, లేచి నిలబడ్డాడు.

"రేపు కొట్టు ఎన్నింటికి తీస్తారు?"